రెండు టిక్కులు, ఒక సూది

పోయినవి ముందు రాస్తాను.

ఎడమ చెవి వినికిడి, పూర్తిగా. కుడి చెవిలో కొంత. ఒంటి బరువులో ఒక కిలో ఐదువందల గ్రాములు. అది ఏడు నెలలకు తిరిగి వచ్చింది కాబట్టి కొట్టేయవచ్చు. ఏలూరు ఆసుపత్రిలో పందొమ్మిది రోజులు. తల్లికి చేపల ప్యాకింగ్ షెడ్డులో ముందు ముప్ఫై నాలుగు రోజుల పని, ఆ తర్వాత మొత్తం పనే. పదిహేను నెలల పిల్లవాడికి అప్పటికి వచ్చిన మాటలు తొమ్మిది. నయమై ఇంటికి వచ్చాక వాటిలో ఐదు మిగిలాయి: అమ్మ, మామ్మ, బువ్వ, పాప, బావ. ఇవే ఎందుకు మిగిలాయో నాకు చాలా రోజులకు గాని అర్థం కాలేదు. ఇవి పలికేటప్పుడు పెదవులు కలుస్తాయి. ఎదుటివాళ్ళ మొహం చూసి పలకవచ్చు. తాత, కాకి, నీళ్ళు, లాల చూసి నేర్చుకునేవి కావు. ఆ నాలుగూ పోయాయి.

ఇవన్నీ పోవడానికి కారణం నా పుస్తకంలో ఒక గడిలో ఉండకూడని టిక్కు ఒకటి ఉండటం. అది పెట్టింది నేను.

పెదపాడు దాటి కొల్లేటి వైపు వెళ్తే వచ్చే ఒక ఊళ్ళో ఇరవై రెండేళ్ళుగా అంగన్‌వాడీ టీచరుగా పనిచేస్తున్నాను. పదో తరగతి వరకే చదివాను. లెక్కలు బడిలో వచ్చినవి కావు. మా నాన్న చెరువుల దగ్గర చేపపిల్లల లెక్క చూసేవాడు. ఒక గిన్నెలో ఎన్ని పిల్లలు పడతాయో ఒకసారి లెక్కపెట్టి, ఆపైన గిన్నెలు లెక్కపెట్టుకుంటూ పోవడం ఆ పని పద్ధతి. పక్కన కూర్చుని గిన్నెలు లెక్కపెట్టింది నేను. హెచ్చవేతలన్నీ అక్కడే పట్టుబడ్డాయి. పది గిన్నెలకొకసారి మళ్ళీ పిల్లల్నే లెక్కపెట్టాలనీ, లేకపోతే గిన్నె అబద్ధం చెబుతుందనీ నాన్న అనేవాడు. ఆ రెండో సగం ఆయన చేశాడు, నేను చేయలేదు.

సెంటరులో టీకాల లెక్క కోసం నేను సొంతంగా ఒక పుస్తకం కట్టుకున్నాను. ప్రభుత్వం ఇచ్చే రిజిస్టరు ఉంది గాని, అందులో పిల్లల పేర్లు వరుసగా ఉంటాయి. ఈ బుధవారం ఎవరెవరికి వేయాలో తెలియాలంటే పేజీలన్నీ తిప్పాలి. నా పుస్తకంలో ఒక్కో పిల్లవాడికి ఒక నంబరు. పుట్టిన రోజు నుంచి ఆరు వారాలు, పది వారాలు, పద్నాలుగు వారాలు, తొమ్మిది నెలలు, పదహారు నెలలు లెక్కకట్టి, ఏ బుధవారం కింద ఏ నంబర్లు రావాలో ఏడాదికి సరిపడా ముందే వేసుకునేదాన్ని. చోటు కలిసి రావాలని తల్లి పేరు గడి తీసేశాను. నంబరు ఉండగా తల్లి పేరెందుకు అనుకున్నాను.

పుస్తకానికి మంచి పేరు వచ్చింది. సూపర్వైజరు గారు మీటింగులో దాన్ని చేతిలో పట్టుకుని మిగతా సెంటర్ల వాళ్ళకు చూపించారు. టీకాలు వేయడానికి వచ్చే నర్సు, మంచి మనిషి, మోపెడ్ మీద నాలుగూళ్ళు తిరిగేది, తన రిజిస్టరు కూడా నా పుస్తకం చూసే రాసుకునేది. తల్లులు కార్డు మర్చిపోయి వచ్చామని భయపడుతుంటే నేనే అనేదాన్ని, "కార్డు లేకపోతే ఏమైందమ్మా, నా పుస్తకం ఉందిగా" అని.

ఆ మాట ఎక్కువగా చెప్పవలసి వచ్చింది ఆ పిల్లవాడి తల్లికే; ఇంట్లో వాణ్ణి చిన్నాడంటారు.

ఆ ఇంటి సంగతి చెప్పాలి. చేపల చెరువుల మీద కాపలా, వలలాగే పని చేసుకునే కుటుంబం. అన్నదమ్ములిద్దరూ తల్లితో కలిసి ఒకే ఇంట్లో ఉంటారు. వాళ్ళ తండ్రి పోయిన ఏడాదే ఇద్దరు కోడళ్ళకీ మూడు నెలల తేడాతో మగపిల్లలు పుట్టారు. పోయినాయనే మళ్ళీ వచ్చాడని పెద్ద కొడుకు తన బిడ్డకు తండ్రి పేరు పెట్టుకున్నాడు. చిన్న కొడుకు మాత్రం తండ్రికి కొడుకు కాడా? అతనూ అదే పెట్టాడు. ఎవరూ వదులుకోలేదు. ఇంటిపేరు ఒకటి, పిల్లల పేరు ఒకటి, తలుపు నంబరు ఒకటి, రాసుకున్న ఫోను నంబరూ ఒకటే. పైగా ఆ ఇంట్లో ఆ పేరు ఎవరి నోటా వినపడదు. భర్త పేరని మామ్మ పలకదు, మామగారి పేరని కోడళ్ళు పలకరు. ఒకడు పెద్దాడు, ఒకడు చిన్నాడు, అంతే. నా పుస్తకంలో మాత్రం ఇద్దరికీ ఆ పేరే ఉంది. పెద్దాడు పద్నాలుగో నంబరు, చిన్నాడు పదిహేనో నంబరు.

చిన్నాడు గుండుగొలనులో తల్లి పుట్టింట్లో పుట్టాడు. వాడి కార్డు అక్కడే బీరువాలో ఉండిపోయింది. అప్పటివరకూ వేసిన డోసులు నేను ఓ చీటీ మీద రాసిస్తే, తల్లి పుట్టింటికి వెళ్ళినప్పుడు అక్కడి నర్సు చేత కార్డులో ఎక్కించుకునేది. తొమ్మిదో నెల సూదికి ముందు నుంచి ఆ వెళ్ళడం కుదరలేదు. షెడ్డులో పనికి చేరింది.

ఆ బుధవారం నాడు సెంటరు నిండా జనం. తట్టు రాకుండా తొమ్మిది నెలలకు వేసే సూది చాలామందికి ఒకేసారి పడింది. మామ్మ ఒక మనవణ్ణి చంకన వేసుకుని వచ్చింది. నర్సు సూది ఎక్కిస్తూ అడిగింది.

"బాబు పేరు చెప్పండి మామ్మగారూ."

"చెప్పకూడదండీ. మా ఇంటాయన పేరే."

"ఆయన పోయి ఏడాదిన్నరవుతోంది కదండీ, ఇంకా భయవేనా?"

"బతికున్నప్పుడు లేదండీ, ఇప్పుడే ఉంది" అంది మామ్మ. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నవ్వుతూ పుస్తకంలోకి చూశాను. ఆ బుధవారం కింద నా లెక్క ప్రకారం ఉన్నది పదిహేనో నంబరు. ఆనాటికి సరిగ్గా తొమ్మిది నెలలు నిండినవాడు. పద్నాలుగో నంబరుకు మూడు నెలల క్రితమే రావలసింది, తల్లితో వేరే ఊరు వెళ్ళడంతో అప్పుడు వేయలేదు, వాడి సంగతి ఆ నిమిషంలో నాకు గుర్తు లేదు. పదిహేను ఎదురుగా టిక్కు పెట్టాను. తల ఎత్తలేదు. ఎత్తి ఉంటే చంకలో ఉన్నది పెద్దాడని తెలిసేది. వాడికి అప్పటికి నాలుగు పళ్ళు, చిన్నాడికి రెండు. రోజూ చూసే పిల్లలు వాళ్ళు.

రెండు వారాల తర్వాత పద్నాలుగో నంబరు ఇంకా బాకీ ఉందని చూసి ఆయాను పంపించాను. పెద్దాడి తల్లి కార్డు పట్టుకుని రయ్యిన వచ్చింది.

"ఏవండీ టీచరు గారూ, మొన్ననేగా మావాడికి తట్టు సూది వేసింది? మళ్ళీ కబురేంటండీ? వాడేవన్నా జల్లెడా?"

కార్డులో తేదీ ఉంది, నర్సు సంతకం ఉంది. నేను టిక్కు పెట్టడం మర్చిపోయాననుకున్నాను. అదే తేదీ కింద పద్నాలుగుకు కూడా టిక్కు పెట్టాను. పదిహేను ఎదురుగా ఉన్నదాని జోలికి వెళ్ళలేదు. అలా ఒక సూదికి రెండు టిక్కులయ్యాయి.

ఇక్కడితో ఆగి ఉంటే నేను దీన్ని పొరపాటు అనుకునేదాన్ని. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. నెలాఖరున నర్సు లెక్కలు సరిచూసుకోవడానికి కూర్చుంది.

"తట్టు సూదులు ఆ బుధవారం నాకు ఏడే వస్తున్నాయండీ" అంది.

"నాకు ఎనిమిది."

"రెండు సీసాలు తీశానండీ. సీసాకి ఐదు, మొత్తం పది. మూడు డోసులు మిగిలితే పారేశాను, నాకు బాగా గుర్తు."

"రెండు పారేసుంటారు. ఆ రోజు నాలుగూళ్ళు తిరిగి ఎండలో వచ్చారు మీరు" అన్నాను. పుస్తకం ఆవిడ ముందుకు తిప్పి, టిక్కులు ఒక్కొక్కటీ పెన్ను మొనతో తాకుతూ లెక్కపెట్టి చూపించాను. ఎనిమిది.

ఆవిడ కొంచెంసేపు చూసింది. "ఏమోలెండి. మీ లెక్కకి తిరుగుండదు కదా" అని తన కాగితంలో ఏడు కొట్టేసి ఎనిమిది రాసింది.

ఒకటి తేడా వచ్చింది. ఆ ఒకటీ ఒక పిల్లవాడు. చేతిలోకి వచ్చిన ఆ తేడాను నేను వాదించి గెలిచి పంపేశాను.

ఆ తర్వాత నెలలో ఒక సాయంత్రం చిన్నాడి తల్లి షెడ్డు నుంచి నేరుగా సెంటరుకు వచ్చింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. ఐసులో చేపలు సర్ది సర్ది వేళ్ళు పగిలి ఉండేవి. గుమ్మం బయటే నిలబడి, "నీసు కంపండీ, లోపలికి రాను" అంది.

"మావాడికి తొమ్మిదో నెల సూది ఎప్పుడండీ?"

పుస్తకం తీశాను. "అయిపోయిందమ్మా."

"అవునా? నేను తీసుకురాలేదేనండీ."

"మీ అత్తగారు తీసుకొచ్చారు. తేదీతో సహా ఉంది."

"మా అత్తగారు పెద్దాడికని చెప్పినట్టున్నారండీ..."

"ఇద్దరికీ అయింది. ఇదిగో, ఇద్దరికీ టిక్కులున్నాయి. దిగులు పడకు."

"మీరు చెప్పారంటే సరేనండీ" అని వెళ్ళిపోయింది. తర్వాత ఆ మాట ఎన్నిసార్లు తలుచుకున్నానో దానికి మాత్రం నా దగ్గర లెక్క లేదు.

ఎండాకాలం మొదట్లో చెరువుల మీద పనికి వచ్చిన వేరే ఊరి పిల్లలకు తట్టు పోసింది. వారం తిరక్కుండా మా ఊళ్ళోకి వచ్చింది. చిన్నాడికి ఒళ్ళంతా ఎర్రగా పేలింది. అమ్మవారని ఇంట్లో వేపరెమ్మలు కట్టి, చల్లటివి పెట్టి ఐదు రోజులు చూశారు. దగ్గు ముదిరి, చెవుల్లోంచి చీము కారడం మొదలయ్యాక ఏలూరు తీసుకెళ్ళారు. అదే మంచం మీద పడుకునే పెద్దాడికి ఒక్క పొక్కు రాలేదు.

డాక్టరు గారు తట్టు టీకా వేయించారా అని అడిగారట. తల్లి వేయించామంది. కార్డు చూపించమన్నారు. గుండుగొలను నుంచి ఆ పిల్ల తమ్ముడు బస్సులో కార్డు తెచ్చి ఇచ్చాడు. ఆ గడి ఖాళీగా ఉంది. కార్డులో ఎక్కించలేదు గాని మా టీచరు గారి పుస్తకంలో ఉందని ఆ పిల్ల చెప్పిందట.

ఈ సంగతి ఆసుపత్రిలో చేరిన మూడో రోజు నా చెవిన పడింది. మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక పుస్తకం తీశాను. పెద్దాడి కార్డు తెప్పించుకున్నాను. నర్సు ఏడు కొట్టేసి ఎనిమిది రాసిన కాగితం నకలు నా దగ్గరే ఉంది. మూడూ పక్కపక్కన పెట్టుకుంటే పావుగంట కూడా పట్టలేదు. పది డోసుల్లో మూడు పారేశానని ఆవిడ చెప్పింది. ఏడుగురు పిల్లలు, ఏడు కార్డులు. ఎనిమిదో టిక్కు నాది. పడుకున్న పిల్లల మధ్య గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. వాళ్ళు లేచి పాలు అడిగేదాకా లేవలేదు.

సూది వేసి ఉన్నా తట్టు వచ్చేదేమో, ఒక్కోసారి వస్తుందని తర్వాత ఒక డాక్టరు గారు నాతో అన్నారు. ఆ 'ఏమో' నా మీద దయతో అన్నది. పెద్దాడి ఒంటి మీద ఒక్క మచ్చ లేకపోవడం నేను చూశాను కాబట్టి దాన్ని నా లెక్కలో వేసుకోలేదు.

పిల్లవాడు ఇంటికి వచ్చాక, పాలు గుడ్లు ఇచ్చే రోజు వచ్చింది. నెలలో ఆ రోజున ఊళ్ళో తల్లులందరూ సెంటరు ముందు వరసలో ఉంటారు. గుడ్లు తెచ్చిన ఆటో అప్పుడే ఆగింది, ఆటో అతను గుడ్ల అట్టలు దింపుతున్నాడు. ఆయా పాల ప్యాకెట్లు లెక్కపెడుతోంది. వరసలో పొరుగింటి బాలింత బదులు మామ్మ ముందు, వెనుక పెద్దాడి తల్లి, ఆ వెనుక చిన్నాడిని ఎత్తుకుని చిన్న కోడలు. ఎవరో పిల్లవాణ్ణి చూసి, "ఇలాగైపోయాడేంటి, బంగారంలా ఉండేవాడు" అన్నారు. అంతే.

"అవ్వడా మరి?" అంది మామ్మ వెనక్కి తిరిగి. "షెడ్డుకి పోవడానికి తీరికుంటది. చీర మార్చుకోడానికి తీరికుంటది. కన్నబిడ్డకి సూది వేయించుకోడానికి ఉండదు. వాళ్ళ పుట్టింటి కార్డే చూశాను, గడి ఖాళీ! ఒకే ఇంట్లో తోటికోడలు వేయించుకోలేదా? దానికి గుర్తుంది, నీకు లేదు."

"అత్తయ్యా, టీచరు గారు అయిపోయిందన్నారు" అంది ఆ పిల్ల.

వరసంతా నా వైపు తిరిగింది. ఆ పిల్ల కూడా చూసింది. నేను చెప్పాల్సిందల్లా రెండు ముక్కలు. 'అవునమ్మా, అలా అన్నాను, తప్పు నాది' అని. నోట్లోకి వచ్చింది వేరేది.

"కార్డులో లేకపోతే లేనట్టేనమ్మా."

అబద్ధం కాదు. ప్రతి మీటింగులోనూ మాకు చెప్పేదే. ఆ రోజు మాత్రం దాన్ని గొడుగులా పట్టుకున్నాను.

"విన్నావా?" అంది మామ్మ. "పైగా టీచరమ్మ మీద పెడతావా?"

ఆ పిల్ల బిడ్డను ఇంకో భుజానికి మార్చుకుంది. తన వంతు వచ్చినప్పుడు సంతకం పెట్టి, గుడ్లు కొంగులో వేసుకుని వెళ్ళింది. చిన్నాడు భుజం మీంచి నన్నే చూశాడు. అలవాటుగా చేయి ఊపాను. వాడు ఊపలేదు.

నలభై ఒక్క రోజులు ఊరుకున్నాను. ఉద్యోగం పోతుందన్న భయం కొంత. అది పెద్ద భయం కాదు. నా లెక్క తప్పిందని ఊరికి తెలుస్తుందన్నది పెద్దది. ఆ రోజుల్లో నేను పని ఇంకా జాగ్రత్తగా చేశాను, తల్లి పేరు గడి మళ్ళీ గీశాను, ప్రతి పిల్లవాడినీ గడ్డం పట్టుకుని చూసి మరీ టిక్కు పెట్టాను. అదంతా చేస్తే చెప్పక్కర్లేదేమో అన్నట్టు చేశాను.

నలభై రెండో రోజున ఆ పిల్ల కార్డు పట్టుకుని వచ్చింది. కార్డు ఇప్పుడు ప్లాస్టిక్ కవరులో పెట్టి ఉంది.

"టీచరు గారండీ, వీడికి ఇంకా ఏమేం వేయాలో, ఎప్పుడెప్పుడో మీ చేత్తో పెద్ద అక్షరాలతో రాసివ్వండి. పొయ్యి పక్కన గోడకి అంటించుకుంటాను. నాకు మతిమరుపండీ."

"నీకు మతిమరుపేంటమ్మా?"

"ఉందండీ. మీరు అయిపోయిందన్నట్టు నాకు బాగా గుర్తు. గుమ్మం బయట నుంచోడం, నీసు కంపని లోపలికి రాకపోవడం, అన్నీ గుర్తేనండీ. కానీ మీరు అనలేదుగా మరి. అంటే నేనే ఊహించుకుని ఉంటాను. మా అత్తగారన్నదే నిజం."

తప్పు మోయడం వేరు. తన కళ్ళు చూసిందీ చెవులు విన్నదీ తానే నమ్మలేకపోవడం వేరు. అంతదాకా తీసుకెళ్ళాను ఆ పిల్లను.

కూర్చోబెట్టి చెప్పాను. పుస్తకం తెరిచి రెండు టిక్కులూ చూపించాను. నర్సుతో వాదించింది చెప్పాను. గుడ్ల వరసలో నాకు అప్పటికే తెలుసనీ చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆ పిల్ల పదిహేనో నంబరు గడి మీద వేలు పెట్టి ఉంచింది.

"అయితే మీరన్నారు" అంది చివరికి.

"అన్నానమ్మా."

"ఈ గుమ్మంలోనే."

"ఈ గుమ్మంలోనే."

ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. రెంటికీ సిద్ధంగా ఉన్నాను. నేను చేతులు పట్టుకోబోతే వెనక్కి తీసుకుంది.

"నాకు చెప్తే నాకేం వస్తాదండీ? నాకు తెలిసిందేగా. ఆ రోజు విన్నారు కదా అందరూ, వాళ్ళకి చెప్పండి. అందరికీ."

"చెప్తానమ్మా."

"ఒకళ్ళకి చెప్తే వాళ్ళే చెప్పుకుంటార్లే అనుకోకండి. మీరే చెప్పాలి. ఎవరి మొహాన వాళ్ళకి."

ముందు సూపర్వైజరు గారికి కాగితం మీద రాసిచ్చాను. మెమో వచ్చింది, విచారణ అయింది, ఉద్యోగం నిలిచింది. నర్సు దగ్గరకు వెళ్ళి ఆవిడ ఏడే సరైనదని చెప్పాను. "నేనూ కొట్టేశానుగా అండీ" అంది. ఇవి ఆ పిల్ల అడిగిన లెక్కలోకి రావు.

ఆ రోజు ఎవరెవరు విన్నారో తెలుసుకోవడం కష్టం కాలేదు. పాలు గుడ్లు తీసుకున్నవాళ్ళ సంతకాలు రిజిస్టరులో ఉన్నాయి. ఇరవై మూడు. అందులో ఒకటి ఆ పిల్లది. తీసేస్తే ఇరవై రెండు. సంతకం పెట్టనివాళ్ళు ఇద్దరు, ఆయా, గుడ్ల ఆటో అతను. మొత్తం ఇరవై నలుగురు.

మామ్మతో మొదలుపెట్టాను. పెరట్లో చేపలు ఎండబెడుతోంది. అంతా విని కాకిని అదిలించింది.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు టీచరమ్మా? అన్నమాట మళ్ళీ మింగమంటారా?"

"నేను చెప్పడానికి వచ్చాను వదినగారూ. మిమ్మల్ని ఏమీ చెయ్యమనడానికి కాదు."

"ఆ రోజే చెప్పుంటే ఆ నాలుగు మాటలూ మిమ్మల్నే అనేదాన్ని. మీరు పడేవారు. మీరు పడ్డా తట్టుకుంటారు. అది చిన్నది కదండీ."

కోడలితో ఆవిడ తర్వాత ఏమందో, అసలు అందో లేదో నాకు తెలియదు. అడిగే హక్కు నాకు లేదు.

ఆయాకు చెబుదామని నోరు తెరిచేసరికి, "నాకు తెల్సండీ" అంది.

"ఏం తెలుసు?"

"సూది వేసింది పెద్దాడికే. మీరు తలెత్తకుండా రాసేశారు. నేను పక్కనే దూది పట్టుకుని ఉన్నాను."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"మీ లెక్క తప్పని ఎవరు చెప్తారండీ? చెప్తే ఊరుకుంటారా మీరు?" కోపంగా అనలేదు. చీపురు గోడకు ఆనించి, రోజూ మాట్లాడినట్టే మాట్లాడింది. పన్నెండేళ్ళుగా ఒకే గదిలో పనిచేస్తున్నాం. అందరి మొహాల్లోకీ ఆవిడ మొహంలోకి చూడటమే నాకు కష్టమైంది.

గుడ్ల ఆటో అతను ఆ రూటు మానేసి తాడేపల్లిగూడెంలో గుడ్ల గోడౌనుకు మారాడని తెలిసి ఒక ఆదివారం బస్సెక్కాను. అతను లారీ మీంచి అట్టలు అందుకుంటున్నాడు. నన్ను గుర్తుపట్టి, "ఏంటండీ మేడం, గుడ్లు తక్కువొచ్చాయా?" అన్నాడు. సంగతి చెప్పాను. అట్ట పట్టుకునే నిలబడ్డాడు.

"నేను విన్నానాండీ?"

"మీరు అక్కడే ఉన్నారు."

"నాకసలు గుర్తే లేదండీ. గుడ్లు పగలకుండా దింపే హడావుడిలో ఉంటాను."

"అయినా చెప్పాలి. ఆ అమ్మాయి తప్పు కాదు. నాది."

"సరేనండీ, మీదే" అన్నాడు. తర్వాత పక్కవాడి వైపు చూసి, "దీనికోసం ఏలూరు అవతలి నుంచి వచ్చారంటరా" అని, మళ్ళీ నాతో, "సంతకం కూడా పెట్టమంటారా?" అన్నాడు. నవ్వుతూ అడిగాడు. నేను రిజిస్టరు తీస్తానేమోనని కొంచెం భయపడ్డట్టు కూడా ఉన్నాడు. టీ ఇప్పించి బస్సు దాకా వచ్చాడు. దిగబెట్టాక, ఆ బాబుకి ఎలా ఉందని అడిగాడు.

చిన్నాడికి ఇప్పుడు ఆరో ఏడు. కుడి చెవికి మెషిను పెట్టుకుని బడికి వెళ్తున్నాడు. మాటలు వస్తున్నాయి, నెమ్మదిగా. వాళ్ళమ్మ మళ్ళీ షెడ్డుకు వెళ్ళలేదు. వీడితో రోజంతా మొహం చూపిస్తూ మాట్లాడాలని డాక్టర్లు చెప్పారు. సాయంత్రాలు అద్దం ముందు కూర్చుని ఇద్దరూ మాటలు వల్లె వేస్తుంటే దారిన పోయేవాళ్ళకు వినిపిస్తుంది. రెండో డోసూ, ఐదేళ్ళకు వేసేదీ అన్నీ వేళకు వేయించింది. నన్ను చూస్తే పలకరిస్తుంది. గుమ్మం దాటి లోపలికి మాత్రం ఇప్పటికీ రాదు. ఇప్పుడు నీసు వాసన లేదు.

మిగతావాళ్ళలో కొందరు అయ్యోపాపం అన్నారు, కొందరు ఇన్నాళ్ళకా అన్నారు. ఒకావిడ తలుపు వేసుకుని మళ్ళీ తెరిచి, తన పిల్లల కార్డులు తెచ్చి నా చేత ఒక్కొక్క గడీ సరిచూపించుకుంది. అది నాకు అన్నిటికన్నా న్యాయంగా తోచింది. అలా పద్దెనిమిది మందికి చెప్పాను.

లీజు అయిపోయి వేరే చెరువులకు వెళ్ళిపోయినవాళ్ళు ముగ్గురు. ఏ గట్టు మీద ఉన్నారో ఎవరూ చెప్పలేకపోతున్నారు. ఆ రోజు అక్క బదులు సంతకం పెట్టిన ఒక అమ్మాయి ఉంగుటూరులో కాపురముంటోంది. రెండుసార్లు వెళ్ళాను, తాళం వేసి ఉంది. పెద్దాడి తల్లి ఊళ్ళోనే ఉంది; నేను ఎదురైతే, "మీరూ మీరూ చూసుకోండి, నాకెందుకండీ" అని పక్క సందులోకి తిరిగిపోతుంది. తోటికోడలు మరిచిపోయిందన్న మాట ఆవిడకు కొంచెం ఉపయోగపడిందనుకుంటాను. ఇంకొకావిడ పోయిన వర్షాకాలంలో చనిపోయింది. నాలుగు వీధుల అవతలే ఉండేది. రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దామని నేనే జాప్యం చేశాను.

పోయినావిడని తీసేస్తే ఇంక మిగిలింది ఐదుగురే కదండీ అంటుంది ఆయా. లెక్క ప్రకారం తీసేయవచ్చు. కానీ ఆ పిల్ల మర్చిపోవడం వల్లే ఇదంతా జరిగిందని నమ్ముతూ పోయింది ఆవిడ. ఆ నమ్మకాన్ని ఇప్పుడు ఎవరూ సరిచేయలేరు. అందుకని కొట్టేయలేదు.

ఆరుగురు.